లేగదూడల పెంపకములో నాణ్యతకు కొలబద్ద

బంగారపు వన్నె తేల్చుటకు ఒరగల్లు ఉన్నది. పాలలో నీళ్లు కలిసినవో లేదో చూచుటకు లాక్టోమీటరు ఉన్నది. యూరపు ఖండములో లేగదూడ మాంసమునకు మాత్రము చాలకాలము కొనువాని కన్నే కొలబద్దగా ఉండెను. మాంసము ఎంత తెల్లగా ఉన్న అంత మేలురకము. ఎరుపు తిరిగినచో ధర తగ్గును. చూచుటకు ఇది చిన్న విషయమే. కాని ఈ కొలబద్ద దూడ తిను ఆహారమును, అది నిలుచు చోటును, తుదకు దాని రక్తమును కూడ మార్చివేసినది. ఆ కొలబద్దను సరిదిద్దుటకు శాస్త్రజ్ఞులకు, ప్రభుత్వములకు, కొనుగోలుదారులకు అర్ధశతాబ్దము పట్టినది. నాణ్యత అనగా ఏమి, దానిని ఎక్కడ కొలవవలెను అను ప్రశ్నకు ఈ చరిత్ర మంచి ఉదాహరణము.

కోడెదూడ ఎందుకు మిగిలినది?

ఆవు పాలివ్వవలెనన్న ముందు ఈనవలెను. పుట్టిన దూడలలో సుమారు సగము కోడెదూడలు. మనదేశములో నాగలికి, బండికి ఎద్దు కావలసినంతకాలము కోడెదూడకు విలువ ఉండెను. ఒంగోలు కోడెలకు పేరు వచ్చినది వాటి బలము వలననే. యూరపులోని పాడి ప్రాంతములలో పరిస్థితి వేరు. అక్కడ దున్నుటకు గుర్రములు, ఆ తరువాత ట్రాక్టరులు వచ్చినవి. పాల కొరకు ఎన్నిక చేసి పెంచిన జాతులలో కోడెదూడకు కండ త్వరగా పట్టదు. అందుచేత దానిని కొద్ది వారములు పాలమీద పెంచి కబేళాకు పంపుట ఆచారమైనది. ఆ మాంసమునే ఇంగ్లీషువారు ‘వీల్’ అందురు.

పాలు తప్ప వేరేమీ ఎరుగని దూడ మాంసము లేత రంగులో ఉండును. గడ్డి మేసిన దూడ మాంసము ఎర్రబడును. కనుక తెలుపు రంగు ‘ఈ దూడ పాలమీదనే పెరిగినది’ అనుటకు గుర్తుగా మొదలైనది. కాని గుర్తునకే ధర పలుకుట మొదలైన తరువాత, గుర్తును కృత్రిమముగా తెచ్చు ఉపాయములు బయలుదేరినవి. ఇంగ్లండులో దూడలకు నాకుటకు సుద్దముక్కలు కట్టుట, వధకు ముందు కొన్ని పర్యాయములు రక్తము తీయుట 18, 19 శతాబ్దములలో ఉన్న అలవాట్లే. సుద్ద వలన మాంసము తెల్లబడదు. రక్తము తీయుట వలన పాలిపోవుట నిజమే. కాని అది ఆరోగ్యము వలన వచ్చు తెలుపు కాదు.

తెలుపునకు కారణము

కండరములకు ఎరుపునిచ్చునది మయోగ్లోబిన్ అను మాంసకృత్తు. రక్తమునకు ఎరుపునిచ్చు హీమోగ్లోబిన్‌కు ఇది దగ్గరి చుట్టము. రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును ఊపిరితిత్తుల నుండి మోసుకొనివచ్చును. కండరములోని మయోగ్లోబిన్ దానిని అందుకొని నిలువ ఉంచును. రెండింటికిని నడుమ ఇనుము ఉండి తీరవలెను. మయోగ్లోబిన్ అణువు యొక్క రూపమును జాన్ కెండ్రూ 1958లో మొదటిసారి చూపినాడు. హీమోగ్లోబిన్ నిర్మాణమును శోధించిన మాక్స్ పెరూట్జ్‌తో కలిసి 1962లో ఆయన రసాయనశాస్త్రములో నోబెల్ బహుమానము పొందినాడు.

పాలలో ఇనుము చాల స్వల్పము; లీటరుకు సుమారు అర మిల్లిగ్రాము, లేదా అంతకన్న తక్కువ. దూడ తల్లి గర్భములో ఉండగా కాలేయములో కొంత ఇనుము దాచుకొని పుట్టును. సహజముగా పెరుగు దూడ రెండవ వారము నుండియే గడ్డిపరకలు కొరుకుచు మిగిలిన ఇనుమును సంపాదించుకొనును. పాలు మాత్రమే త్రాగు దూడకు దాచిన ఇనుము కొన్ని వారములలో ఖర్చగును. దేహము పెరుగుచుండును, ఇనుము పెరగదు. మొదట కండరము పాలిపోవును, తరువాత రక్తమును పలుచనగును. దీనినే రక్తహీనత అందుము.

దూడ కడుపులో మరియొక విశేషము ఉన్నది. నెమరువేయు జంతువుల జీర్ణాశయమునకు నాలుగు గదులు. పుట్టిన దూడలో నాలుగవ గదియే పెద్దది. పీల్చిన పాలు ఆహారనాళపు చివరనున్న ఒక గాడి వెంబడి నేరుగా ఆ గదిలోనికే పోవును. గడ్డి తినుట మొదలైన తరువాతనే మొదటి గది పెరిగి, సూక్ష్మజీవులకు నెలవై, నెమరు ఆరంభమగును. గడ్డి అందని దూడకు ఆ గది చిన్నదిగానే ఉండిపోవును. అట్టి దూడ తన చెక్కగోడనో, పక్కదూడ వెండ్రుకలనో నాకుచుండును. మ్రింగిన వెండ్రుకలు కడుపులో ఉండకట్టుటయు కద్దు.

పాలపొడియు, పెట్టెలును

రెండవ ప్రపంచయుద్ధము తరువాత పశ్చిమ యూరపులో పాల ఉత్పత్తి వేగముగా పెరిగినది. వెన్న తీసిన తరువాత మిగిలిన పాలు గుట్టలుగా పొడియైనవి. ఆ పొడికి చవుక క్రొవ్వును కలిపి, వేడినీటిలో గిలకొట్టి దూడలకు పట్టు పద్ధతి నెదర్లాండ్సులో, ముఖ్యముగా వెలూవె ప్రాంతపు చిన్న రైతులలో వ్యాపించినది. 1968లో యూరపు ఆర్థిక సమాజపు పాల చట్టము దూడల దాణాలో వాడు వెన్న తీసిన పాలపొడికి సహాయధనము ఏర్పరచినది. మిగులు కోడెదూడ, మిగులు పాలపొడి కలిసి ఒక పెద్ద పరిశ్రమ ఏర్పడినది.

ఈ పరిశ్రమ నాణ్యతను నిర్లక్ష్యము చేసినదనుట సరికాదు. నిజమునకు అది చాల శ్రద్ధగల పరిశ్రమ. పొడిలో ఇనుము పాలెంతో దాణా తయారుచేయువారు కొలిచి నిర్ణయించినారు. తొలివారములలో దూడ నీరసించకుండ కొంత ఎక్కువ, తరువాత మాంసము ఎర్రబడకుండ బాగుగా తక్కువ. దూడను సుమారు రెండడుగుల వెడల్పుగల చెక్కపెట్టెలో ఒంటరిగా నిలిపినారు. పడకకు గడ్డి వేయలేదు. వేసినచో దూడ తినును. ఇనుప కమ్మీలు అందనీయలేదు; అందినచో నాకును. త్రాగునీటిలోని ఇనుమును కూడ పరీక్షించినారు. కబేళాలో మాంసపు రంగును మెట్లుమెట్లుగా రంగులు వేసిన పలకతో పోల్చి ధర కట్టినారు. అన్నియు కొలతలే. కాని ఆ కొలతలన్నియు ఒక దూడను జబ్బుపడుటకు ఒక అడుగు ఇవతల నిలుపుటకు ఉపయోగపడినవి. చెక్కపెట్టెలో పెరిగిన దూడ వెనుకకు తిరుగలేదు. పెద్దదైన కొలది కాళ్లు చాచి పండుకొనలేదు.

1964లో ఇంగ్లండులో రూత్ హారిసన్ వ్రాసిన ‘యానిమల్ మెషీన్స్’ అను పుస్తకము ఈ పద్ధతిని సామాన్య ప్రజల ముందుంచినది. దానిపై కలిగిన కలవరము వలన బ్రిటిషు ప్రభుత్వము ఆచార్య బ్రాంబెల్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది. పశువు లేచి నిలుచుటకు, పండుకొనుటకు, చుట్టు తిరుగుటకు, ఒళ్లు శుభ్రపరచుకొనుటకు, కాళ్లు చాచుటకు వీలుండవలెనని ఆ సంఘము 1965లో నివేదించినది. చెక్కపెట్టె ఈ పరీక్షలో నిలువదు. అయినను బ్రిటనులో అట్టి పెట్టెల నిషేధము అమలులోనికి వచ్చుటకు 1990 జనవరి వరకు పట్టినది.

1980 నాటి భయము

దూడ బాధపడుచున్నదను వాదము వలన కదలని సంత, తినువారికే హాని కలుగునని తెలిసినంతనే కదిలినది. 1938లో ఇంగ్లండులో చార్లెస్ డాడ్స్ బృందము డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అను కృత్రిమ స్త్రీ హార్మోనును తయారుచేసినది. అది చవుక, నోటి ద్వారా ఇచ్చినను పనిచేయును, పశువులకు ఇచ్చినచో బరువు త్వరగా పెరుగును. కాని గర్భిణీ స్త్రీలకు ఈ మందు ఇచ్చినందువలన వారి కుమార్తెలలో కొందరికి యౌవనములో ఒక అరుదైన క్యాన్సరు వచ్చినట్లు 1971లో అమెరికా వైద్యులు కనుగొన్నారు. 1979లో అమెరికా దానిని పశువుల పెంపకములో నిషేధించినది.

మరుసటి సంవత్సరము, 1980లో, ఇటలీలో లేగదూడ మాంసముతో చేసి డబ్బాలలో అమ్ము పసిపిల్లల ఆహారములో ఈ హార్మోను బయటపడినది. దేశమంతట ఆందోళన చెలరేగినది. అదే సెప్టెంబరులో ఫ్రాన్సులో వినియోగదారుల సంఘములు లేగదూడ మాంసమును కొనవద్దని పిలుపు ఇచ్చినవి. అమ్మకములు కుప్పకూలినవి. 1981లో యూరపు ఆర్థిక సమాజము స్టిల్‌బీన్ జాతి పదార్థములను, గళగ్రంథి పనిని మందగింపజేయు మందులను పశువులకు ఇచ్చుటను నిషేధించినది. బరువు పెంచుటకు హార్మోనులు వాడుటపై సంపూర్ణ నిషేధము 1988లో వచ్చినది.

ఇక్కడ కొలబద్దకు మొదటి దెబ్బ తగిలినది. హార్మోను ఇచ్చిన మాంసము కంటికి చక్కగానే ఉండును. రంగుల పలక దానిని పట్టలేదు. కాబట్టి నాణ్యతను తేల్చువాడు దుకాణపు బల్ల దగ్గర నుండి రసాయనశాలకు నడువవలసివచ్చినది.

కంటిలో దాగిన సాక్ష్యము

హార్మోనులు మూతపడగానే మరియొక మందు తలయెత్తినది. క్లెన్‌బ్యుటెరాల్ అనునది గుర్రములకు, పశువులకు ఉబ్బస వంటి శ్వాసవ్యాధులలో వాడు మందు. చికిత్సకు చాలునంతకన్న ఎన్నో రెట్లు ఇచ్చినచో అది క్రొవ్వును తగ్గించి కండను పెంచును. 1990లో స్పెయినులో పశువుల కాలేయము తిన్న 43 కుటుంబములలోని 135 మందికి చేతులు వణకినవి, గుండె దడదడ కొట్టుకొన్నది, తలనొప్పి వచ్చినది. కారణము క్లెన్‌బ్యుటెరాల్. అదే సంవత్సరము ఫ్రాన్సులో లేగదూడ కాలేయము తిన్న 22 మంది ఇట్లే బాధపడినారు.

ఈ మందును పట్టుకొనుట సులభము కాలేదు. ఇచ్చుట ఆపిన కొద్దిరోజులకు మూత్రములో దాని జాడ అంతరించును. వధకు కొన్నాళ్లు ముందు మందు నిలిపిన పెంపకపువాడు మూత్రపరీక్షలో నిర్దోషిగా బయటపడును. కాని ఈ పదార్థమునకు నల్లని వర్ణకముతో గట్టిగా అంటుకొను గుణము కలదు. కంటిలోపలి నల్లని పొరలలోను, వెండ్రుకలలోను అది వారముల తరబడి నిలిచియుండునని పరిశోధకులు కనుగొన్నారు. అటు తరువాత కబేళాలలో కండ్లను, పాకలలో వెండ్రుకలను నమూనాలుగా తీయుట మొదలుపెట్టినారు. కంటికి కనిపించని మోసమునకు దూడ కన్నే సాక్ష్యము చెప్పినది.

ఈ దొంగవ్యాపారములో లాభము ఎంతటిదో బెల్జియములో జరిగిన ఒక ఘోరము తెలుపును. పశువులకు అక్రమముగా హార్మోనులు ఎక్కించు ముఠాలను వెంటాడిన పశువైద్య తనిఖీ అధికారి కారెల్ వాన్ నొప్పెన్‌ను 1995 ఫిబ్రవరి 20న ఆయన యింటి దగ్గరనే కాల్చి చంపినారు. ఆ హత్యలో నలుగురికి 2002లో శిక్షలు పడినవి.

పాకలోనికి వచ్చిన తనిఖీ

కాలేయపు కల్తీ వార్తలతో సంత పోవునని భయపడిన నెదర్లాండ్సు లేగదూడ పరిశ్రమ 1990లో నాణ్యతకు హామీ ఇచ్చు ఒక ప్రత్యేక సంస్థను స్థాపించినది. దాని పరీక్షకులు ముందుగా తెలుపకుండ పాకలకు వచ్చి మూత్రము, వెండ్రుకలు, దాణా నమూనాలు తీయుదురు. నిషిద్ధ పదార్థము దొరకినచో ఆ మంద అమ్మకమునకు పోదు. ఇందులోని మార్పు గమనింపదగినది. పూర్వము పరీక్ష కబేళాలో, చచ్చిన పశువుపై జరిగెడిది. ఇప్పుడది బ్రతికియున్న దూడ దగ్గరకు వచ్చినది.

1996లో యూరపు సమాఖ్య చేసిన చట్టము దీనిని దేశములన్నింటికి విధించినది. క్రిందటి సంవత్సరము వధించిన ప్రతి 1000 పశువులకు కనీసము 4 చొప్పున నమూనాలు పరీక్షింపవలెననియు, నిషిద్ధ పదార్థముల కొరకు తీయు నమూనాలలో సగము పాకలలోని బ్రతికియున్న పశువుల నుండి తీయవలెననియు అది నిర్ణయించినది. ఈ చట్టము స్థానములో తరువాత వేరు నియమములు వచ్చినను, పాకలోనే పరీక్ష అను సూత్రము నిలిచినది.

దూడ రక్తమునకు చట్టము

తనిఖీదారు పాకలోనికి వచ్చిన తరువాత అతడు చూడవలసినది మందులు మాత్రమేనా? దూడ ఎట్లు బ్రతుకుచున్నదో కూడ నాణ్యతలో భాగమా? 1991లో యూరపు ఆర్థిక సమాజము దూడల రక్షణకు కనీస ప్రమాణములు చేసినది. 1997లో వాటిని గట్టిపరచినారు. ఎనిమిది వారములు దాటిన దూడను, పశువైద్యుడు చెప్పిననే తప్ప, ఒంటరి పెట్టెలో ఉంచరాదు. గుంపులో ఉంచు దూడ బరువు 150 కిలోలకు తక్కువైనచో 1.5, 220 కిలోలు దాటినచో 1.8 చదరపు మీటర్ల స్థలము దానికి ఉండవలెను. ఈ నియమములు పాత పాకలకు కూడ 2006 డిసెంబరు 31 నాటికి పూర్తిగా వర్తించినవి. రెండు వారములు దాటిన ప్రతి దూడకును పీచుగల మేత పెట్టవలెను. ఎనిమిదవ వారములో దినమునకు 50 గ్రాములు, ఇరువదవ వారమునకు 250 గ్రాములు.

అన్నింటికన్న విశేషమైనది ఇనుమును గురించిన నియమము. దూడలకు పెట్టు ఆహారములో ఇనుము, లీటరు రక్తములో హీమోగ్లోబిన్ సగటున 4.5 మిల్లీమోలులకు తగ్గకుండ ఉండునంత చాలవలెను. అనగా 100 మిల్లీలీటర్ల రక్తములో సుమారు 7.2 గ్రాములు. మేత మేయు దూడలలో ఇది సాధారణముగా 10 గ్రాములు, ఆపైన ఉండును. ఒకనాడు మాంసము ఎర్రబడకుండ చూచుటకు వాడిన ఆ రక్తపరీక్షయే ఇప్పుడు దూడ మరీ పాలిపోకుండ కాచుటకు వచ్చినది. పరికరము మారలేదు, దానితో అడుగు ప్రశ్న మారినది.

ఈ నియమములో ఒక లొసుగు ఉన్నది. అది ‘సగటు’ అను మాటలో ఉన్నది. పది దూడలలో ఐదింటికి 5.5, ఐదింటికి 3.5 ఉన్నచో సగటు 4.5 అగును. చట్టము నెరవేరును, కాని ఐదు దూడలు నీరసముతో కాలు కదపలేవు, వ్యాధిని తట్టుకొనలేవు. యూరపు సమాఖ్య యొక్క శాస్త్రజ్ఞుల సంఘము 1995లోనే, వ్యాధినిరోధకశక్తి చెడకుండవలెనన్న దూడ జీవితకాలమంతయు హీమోగ్లోబిన్ కనీసము 6 మిల్లీమోలులు ఉండునట్లు ఆహారము పెట్టుట మంచిదని సలహా ఇచ్చినది. శాస్త్రము చెప్పిన 6నకును, చట్టము పెట్టిన 4.5నకును నడుమ ఉన్న దూరము మాంసపు రంగు యొక్క ధరయే.

మొదటి ఆరు గంటలు

దూడ ఆరోగ్యమునకు పునాది మాత్రము పెంపకపు పాకలో పడదు. పుట్టిన చోటనే పడును. మనుష్య శిశువు తల్లి గర్భములోనే వ్యాధినిరోధక పదార్థములను కొంతవరకు పొందును. ఆవు మాయ వాటిని దాటనీయదు. అవి దూడకు జున్నుపాలలోనే దొరకవలెను. పుట్టిన ఒక దినములో దూడ ప్రేగు వాటిని లోనికి తీసికొను శక్తిని కోల్పోవును. అందుచేతనే మొదటి ఆరు గంటలలోపల జున్నుపాలు పట్టవలెనని యూరపు నియమము చెప్పుచున్నది. జున్నుపాల బలమును కొలుచుటకు చక్కెర పాకమును పరీక్షించు బ్రిక్స్ మాపకమే చాలును. అందులో 22 డిగ్రీలు దాటినచో మంచి జున్నుపాలని లెక్క.

కాని అమ్మివేయవలసిన కోడెదూడ మీద శ్రద్ధ సన్నగిల్లుట సహజము. ఎన్నో పాడిశాలల నుండి వచ్చిన అట్టి దూడలు ఒకే పాకలో కలిసినపుడు దగ్గు, విరేచనములు వ్యాపించును. వాటిని అణచుటకు ఆంటిబయాటిక్ మందులు విరివిగా వాడినారు. మందులకు లొంగని సూక్ష్మజీవులు దూడలలోను, వాటిని పెంచువారిలోను నెదర్లాండ్సులో కనబడినవి. 2010లో ఆ దేశము పశువులకు వాడు మందుల లెక్కలు చూచుటకు ఒక సంస్థను ఏర్పరచి, ప్రతి పాక వాడకమును ఇతర పాకల వాడకముతో పోల్చుట మొదలుపెట్టినది. 2009 తరువాత కొద్ది సంవత్సరములలోనే అక్కడి పశుపోషణలో ఆంటిబయాటిక్‌ల అమ్మకము సగమునకు పైగా తగ్గినది.

అట్లాంటిక్ కావల

అమెరికాలో ఈ మార్పు చట్టము కన్న ఓటరుల వలనను, పరిశ్రమ వలనను ఎక్కువగా వచ్చినది. అక్కడి పెంపకదారులు 1990లో నాణ్యతా హామీ పథకమును ప్రారంభించినారు. మందుల వాడకము నమోదు చేయుట, దూడకు అవశేషములు పోవునంత గడువు ఇచ్చుట అందులో ముఖ్యాంశములు. 2006లో ఆరిజోనా, 2008లో కాలిఫోర్నియా ప్రజలు ఓటువేసి చెక్కపెట్టెలను తిరస్కరించినారు. ఈలోగా, 2007లో, పెంపకదారుల సంఘము 2017 ముగియులోపల దూడలన్నింటిని గుంపులలోనే పెంచవలెనని తీర్మానించుకొన్నది.

నేటి స్థితి

యూరపు నియమములను 2008లో ఒకచోట క్రోడీకరించినారు. 4.5 అను అంకె, 1.8 చదరపు మీటర్లు అందులో అట్లే ఉన్నవి. 2023లో యూరపు ఆహారభద్రతా సంస్థ నిపుణులు ఈ కొలతలు దూడకు చాలవనియు, పరుగెత్తి ఆడుకొనుటకు ఇంకను చోటు, మెత్తని పడక, ఎక్కువ పీచుమేత కావలెననియు అభిప్రాయపడినారు. తెల్లదనము కొరకు కాక, గడ్డి తిని గులాబిరంగు తిరిగిన మాంసము కొరకు దూడలను పెంచువారు కూడ నేడు కొంతమంది ఉన్నారు.

నాణ్యతా పరీక్షల చరిత్రలో ఒక క్రమము కనబడుచున్నది. మొదట రంగు చూచినారు. తరువాత కాలేయము, కన్ను, వెండ్రుక చూచినారు. తుదకు దూడ నిలుచు నేల, త్రాగు పాలు, దాని రక్తము చూచినారు. ప్రతి మెట్టులోను పరీక్ష దూడ చావు నుండి దాని పుట్టుక వైపునకు ఒక అడుగు వెనుకకు జరిగినది. అయితే కబేళాలో రంగుల పలక ఇంకను పోలేదు. పాలిపోయిన మాంసమునకు ఒక రూకైనను ఎక్కువ పలుకునంతకాలము, దాణా కలుపువాని చేయి ఇనుము దగ్గర వెనుకాడుచునే ఉండును.